ఇంగ్లీషు వాక్యంలో సరైన మాట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ మాట వాడాలన్న సందేహం చుట్టూనే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఉత్తరాల్లోని ముఖ్యభాగాన్ని మాత్రం ఇక్కడ అచ్చువేసి, సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసుకుని బాగా కంఠతా పట్టాను. అయినా నేను రాసే ప్రతి పేరాలోనూ మా లెక్చరర్ గారు కొన్ని మాటల కింద ఎర్రగీత గీసి, ‘ఇక్కడ ఈ మాట రాదమ్మా’ అంటారు. అర్థం సరిపోతున్నప్పుడు మాట ఎలా తప్పవుతుంది?
— ఒక విద్యార్థిని, అనకాపల్లి

సమాధానం: మీరు పడిన శ్రమ వృథా పోలేదు, కానీ అది సగం పని మాత్రమే. నిఘంటువులో ఒక ఇంగ్లీషు మాటకు ఎదురుగా కనిపించే తెలుగు మాట, ఆ రెండింటి అర్థాలు ఎక్కడో ఒకచోట కలుస్తాయని చెబుతుందే తప్ప, అవి ఎక్కడ విడిపోతాయో చెప్పదు. ‘అప్పు’ అన్న మాటనే తీసుకోండి. తెలుగులో అప్పు ఇస్తాం, అప్పు పుచ్చుకుంటాం. రెండువైపులా అప్పే, పక్కనున్న క్రియ మాత్రమే మారుతుంది. ఇంగ్లీషులో ఇచ్చేవారి పనికి ‘లెండ్’ అనీ, పుచ్చుకునేవారి పనికి ‘బారో’ అనీ వేర్వేరు క్రియలు ఉన్నాయి. “ప్లీజ్ బారో మీ యువర్ బుక్” అని రాసిన విద్యార్థికి అర్థం తెలియక కాదు, ఆ మాట ఎవరి పక్షాన నిలబడుతుందో తెలియక తప్పు జరుగుతుంది. అలాగే గుర్తుంచుకుంటే ‘రిమెంబర్’, ఇతరులకు గుర్తుచేస్తే ‘రిమైండ్’. చెట్టు నీడన కూర్చుంటే ‘షేడ్’, గోడ మీద పడిన మన నీడ ‘షాడో’.

‘చెప్పడం’ అన్న ఒక్క క్రియను దగ్గరగా పరిశీలిస్తే మీ ప్రశ్నకు పూర్తి సమాధానం దొరుకుతుంది. మనం నిజం చెబుతాం, అబద్ధం చెబుతాం, పాఠం చెబుతాం, కథ చెబుతాం, వీడ్కోలు చెబుతాం. ఇంగ్లీషులో కథ, నిజం, అబద్ధం ‘టెల్’ అన్న క్రియతో కలుస్తాయి. ప్రార్థన, వీడ్కోలు ‘సే’తో కలుస్తాయి. “సే ఎ లై” అని రాస్తే చదివేవారికి అర్థమవుతుంది కానీ ఎర్రగీత పడుతుంది. అంతేకాదు, ‘టెల్’ వాడినప్పుడు వినే మనిషి ఆ క్రియ పక్కనే నేరుగా నిలబడతాడు: “షి టోల్డ్ మీ ద ట్రూత్”. ‘సే’ వాడినప్పుడు అన్న మాట ముందు వస్తుంది, మనిషిని తేవాలంటే ‘టు’ సహాయం కావాలి: “షి సెడ్ నథింగ్ టు మీ”. వివరించి చెప్పడానికి వాడే ‘ఎక్స్‌ప్లెయిన్’ కూడా ఈ రెండో దారిలోనే నడుస్తుంది. అందువల్ల “ఎక్స్‌ప్లెయిన్ మీ ద లెసన్” అనకూడదు, “ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మీ” అనాలి. మనం ఒక విషయం గురించి చర్చిస్తాం కనుక ‘డిస్కస్’ తర్వాత చెయ్యి దానంతట అదే ‘అబౌట్’ అని రాసేస్తుంది. ఇంగ్లీషులో ఆ క్రియకు ‘గురించి’ అక్కరలేదు. “వీ డిస్కస్డ్ ద ప్లాన్” అంటే చాలు. అదే నామవాచకంగా మారి ‘డిస్కషన్’ అయితే మాత్రం ‘అబౌట్’ వస్తుంది.

ఇందువల్ల మీ నోటు పుస్తకంలో మాట, అర్థం అని రెండు వరుసలు గీసే పద్ధతిని వదిలి, మాటను ఒక పూర్తి వాక్యంలో ఉంచి రాసుకోండి. విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా తయారైన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులు ఈ పనికి ఎంతో ఉపకరిస్తాయి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948 నుంచి దాన్ని ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురిస్తున్నారు. ఏ క్రియ తర్వాత మనిషి రావాలి, దేని తర్వాత ‘టు’ రావాలి, ఏ నామవాచకాన్ని లెక్కించవచ్చు, దేన్ని లెక్కించకూడదు అన్నది అందులో ప్రతి మాటకూ చూపించడమే వారి ముఖ్యోద్దేశం. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారికి అక్కరలేని ఈ సమాచారమే మనకు అన్నింటికన్నా ఎక్కువ కావాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఒకే మాట రెండుసార్లు రాస్తే వ్యాసం బాగుండదని, ప్రతిసారీ పర్యాయపదం వాడాలని బడిలో చెబుతున్నారట. పర్యాయపదాల పుస్తకం కొనమంటోంది. కొనవచ్చా?
— ఒక గృహిణి, నెల్లూరు

సమాధానం: తప్పకుండా కొనండి, కానీ దాని పక్కన ఒక మంచి నిఘంటువు కూడా ఉండాలి. పీటర్ మార్క్ రోజె అనే వైద్యుడు 1852లో ప్రచురించిన పర్యాయపదకోశం ఈ రకం పుస్తకాల్లో చాలావాటికి ఆధారం. తెలిసినదే కానీ సమయానికి తట్టని మాటను గుర్తుకు తెచ్చుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. తెలియని మాటను అందులోంచి ఏరుకుని వాక్యంలో పెట్టేస్తేనే ఇబ్బంది. సన్నగా ఉన్న మనిషికి అందులో ‘స్లిమ్’, ‘థిన్’, ‘లీన్’, ‘స్కిన్నీ’ అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ‘స్లిమ్’ మెప్పు, ‘థిన్’ ఉన్నది ఉన్నట్టు చెప్పడం, ‘లీన్’ అంటే కొవ్వు లేని గట్టి శరీరం, ‘స్కిన్నీ’ చాలామందికి నొప్పి కలిగించే మాట. మీ అమ్మాయి తన స్నేహితురాలి గురించి వ్యాసం రాస్తూ, మాట మార్చడం కోసమే రెండో పేరాలో ‘స్కిన్నీ’ అని రాస్తే, తనకు తెలియకుండానే స్నేహితురాలిని చిన్నబుచ్చినట్టవుతుంది.

ఇక ఒకే మాట మళ్లీ రాయడం నిజంగా తప్పా అన్నది మరో విషయం. ఇంగ్లీషు వాడుక గురించి ఎంతో లోతుగా రాసిన హెచ్.డబ్ల్యూ. ఫౌలర్, కేవలం పునరుక్తికి భయపడి మాటలు మార్చే అలవాటును ‘ఎలిగెంట్ వేరియేషన్’ అని పిలిచి, దాన్ని దోషాల జాబితాలో చేర్చాడు. ఆయన చెప్పినదే సరైనదని మా దృఢమైన అభిప్రాయం. ఇంటి అద్దె పత్రంలో మొదటి పేరాలో ‘టెనెంట్’ అని, మూడో పేరాలో ‘ఆక్యుపెంట్’ అని రాస్తే, చదివేవారు ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి చెబుతున్నారనుకునే ప్రమాదం ఉంది. విషయం ఒకటే అయితే మాట ఒకటే ఉండనివ్వండి. కథలోనో వర్ణనలోనో మాటల వైవిధ్యానికి చోటు ఉంటుంది. అక్కడ కూడా కొత్త మాట కొత్త ఛాయను తెస్తేనే.

ప్రశ్న: నేను నీటిపారుదలకు సంబంధించిన ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. పై అధికారులకు నివేదికలు ఇంగ్లీషులో పంపాలి. తేలిక మాటల్లో రాస్తే ‘ఇది ఆఫీసు భాషలా లేదు’ అంటారని భయం. పాత ఫైళ్లు చూసి అదే ధోరణిలో రాస్తున్నాను. రాసినది తర్వాత నాకే సరిగా అర్థం కావడం లేదు. నమూనాగా ఒక వాక్యం పంపుతున్నాను: “ఇన్‌స్పెక్షన్ ఆఫ్ ద ట్యాంక్ బండ్ వజ్ క్యారీడ్ అవుట్ బై ద అండర్‌సైన్డ్ అండ్ ఇట్ వజ్ అబ్జర్వ్డ్ దట్ దేర్ వజ్ ఎగ్జిస్టెన్స్ ఆఫ్ లీకేజ్.”
— ఒక ఉద్యోగి, కరీంనగర్ జిల్లా

సమాధానం: మీరు నమూనా వాక్యం పంపినందుకు సంతోషం, ఎందుకంటే ఈ ఒక్క వాక్యంలోనే చెప్పవలసినదంతా ఉంది. ఇందులో జరిగిన పనులు రెండే: మీరు కట్టను తనిఖీ చేశారు, నీరు కారడం చూశారు. అయితే ఆ రెండు పనుల్లో ఏదీ ముక్కుసూటిగా క్రియ రూపంలో లేదు. తనిఖీ చేయడం ‘ఇన్‌స్పెక్షన్’ అన్న నామవాచకంగా మారిపోయింది కనుక, వాక్యాన్ని నడిపించడానికి ‘క్యారీడ్ అవుట్’ అని మరో క్రియను అరువు తెచ్చుకోవలసి వచ్చింది. కారడం ‘లీకేజ్’ అయింది, అది చాలదన్నట్టు దాని ముందు ‘ఎగ్జిస్టెన్స్’ వచ్చి కూర్చుంది. పని చేసిన మనిషి, అంటే మీరు, ‘అండర్‌సైన్డ్’ అనే మాట వెనక్కి వెళ్లిపోయారు. ఇంతా చేసి, పై అధికారి మొట్టమొదట అడిగే సంగతులు రెండూ, ఎప్పుడు చూశారు, కట్ట మీద ఎక్కడ కారుతోంది అన్నవి, వాక్యంలో లేనే లేవు.

దీన్ని ఇలా రాసి చూడండి: “ఐ ఇన్‌స్పెక్టెడ్ ద ట్యాంక్ బండ్ ఆన్ 12 జూన్ అండ్ ఫౌండ్ ఎ లీక్ నియర్ ద స్లూయిస్.” తేదీ, తూము దగ్గరన్నది నేను ఊహించి రాసినవి, మీరు నిజంగా చూసిన తేదీ, చోటు వేయండి. మాటలు తగ్గాయి, సమాచారం పెరిగింది. ‘లీకేజ్’కు బదులు ‘లీక్’ అని ఎందుకు మార్చానో కూడా చెప్పాలి. ‘లీక్’ అంటే నీరు బయటికి వచ్చే ఆ చోటు, వేలు పెట్టి చూపించగలిగినది. ‘లీకేజ్’ అంటే కారిపోవడమనే ప్రక్రియ, లేదా కారిపోయిన పరిమాణం. ఎంత నీరు పోతోందో చెప్పేటప్పుడు ‘లీకేజ్’ సరైన మాటే. ఎక్కడ మరమ్మతు చేయాలో చెప్పేటప్పుడు ‘లీక్’ కావాలి.

తేలిక మాటలకు గౌరవం తక్కువన్న భావన ఇంగ్లీషు చరిత్రలోంచే వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక, పాలకుల భాషగా, న్యాయస్థానాల భాషగా ఫ్రెంచి చాలాకాలం చెలామణి అయింది. మతానికీ పాండిత్యానికీ లాటిన్ ఉండేది. దాంతో ఒకే పనికి ఇంటి మాట ఒకటి, దర్బారు మాట ఒకటి ఏర్పడ్డాయి: ‘బిగిన్’కు తోడు ‘కమెన్స్’, ‘బై’కి తోడు ‘పర్చేజ్’, ‘హెల్ప్’కు తోడు ‘అసిస్ట్’. మనకు ‘మొదలుపెట్టడం’, ‘ప్రారంభించడం’, ‘ఉపక్రమించడం’ ఉన్నట్టే. ఆ దర్బారు మాటల బరువుతోనే మన దేశంలో కంపెనీ కాలం నుంచీ కచేరీల ఇంగ్లీషు తయారైంది. ఆ భాష పుట్టిన బ్రిటన్‌లోనే దాన్ని వదిలించుకోవడానికి గట్టి ప్రయత్నం జరిగింది. అక్కడి ఆర్థికశాఖ కోరిక మీద సీనియర్ ప్రభుత్వాధికారి సర్ ఎర్నెస్ట్ గవర్స్, అధికారులు తేట మాటల్లో రాయడం ఎలాగో వివరిస్తూ 1948లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. అమెరికాలో 2010లో ఏకంగా చట్టమే చేసి, ప్రజలకు పంపే పత్రాలను స్పష్టమైన భాషలో రాయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థలను ఆదేశించారు. కనుక తేలిక మాటల్లో రాయడం ఆఫీసు మర్యాదకు లోటని మీరు సంకోచించనక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. చట్టం అర్థం నిర్ణయించి పెట్టిన మాటలను తేలిక చేయకూడదు. ‘లీజ్’కు ఆస్తి బదిలీ చట్టం, 1882లో నిర్వచనం ఉంది, ‘లైసెన్స్’కు అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టంలో వేరే నిర్వచనం ఉంది. చెరువులో చేపలు పట్టుకునే హక్కు గురించి రాసేటప్పుడు ఈ రెంటికీ బదులు ‘పర్మిషన్’ అని రాసేస్తే చదవడానికి సులువుగా ఉంటుంది, వివాదం వచ్చినప్పుడు మాత్రం ఎవరి హక్కు ఏమిటో తేలదు. స్పష్టత అంటే చిన్న మాట కాదు, చదివేవారికి ఒకే అర్థం ఇచ్చే మాట. మరో సంగతి, ‘ట్యాంక్’ అంటే చెరువు అన్నది మన దేశపు ఇంగ్లీషు. మీ శాఖలో అందరికీ తెలుసు కనుక అలాగే ఉంచండి. నివేదిక విదేశీ నిపుణుల బృందానికి వెళ్లేదైతే వారు ఇనుప తొట్టి అనుకోకుండా మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరించండి.

ప్రశ్న: ఒక కార్యాలయంలో అమెరికన్ల మధ్య పనిచేస్తున్నాను. ఒక మెయిల్‌లో “ఐ ఓన్లీ టోల్డ్ హిమ్” అని రాశాను. నేనే ఆయనకు చెప్పానని నా ఉద్దేశం. మా మేనేజరు మాత్రం ‘చెప్పడంతో సరిపెట్టావా, పని ఎందుకు చేయలేదు?’ అని అడిగారు. నా వాక్యంలో లోపం ఏమిటి?
— ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: లోపం మీ ఆలోచనలో లేదు. తెలుగులో మాట చివర ‘ఏ’ చేరిస్తే ఆ మాట మీద ఊనిక పడుతుంది: నేనే చెప్పాను, ఆయనకే చెప్పాను, నిన్ననే చెప్పాను. ఇంత చిన్న అక్షరంతో ఇంత కచ్చితంగా ఊనిక పెట్టగలగడం మన భాషకున్న గొప్ప సౌకర్యం. ఇంగ్లీషు రాసేటప్పుడు ఆ ‘ఏ’కి బదులుగా మనవారి చేతికి ‘ఓన్లీ’ వస్తుంది, కాలాన్ని గురించి చెప్పేటప్పుడు ‘ఇట్‌సెల్ఫ్’ వస్తుంది: “టుడే ఇట్‌సెల్ఫ్”. కానీ ‘ఓన్లీ’కి అసలు పని ఊనిక కాదు, హద్దు గీయడం. “ఐ ఓన్లీ టోల్డ్ హిమ్” అని చదివిన అమెరికన్‌కు, చెప్పడం వరకే చేశారు, అంతకు మించి ఏమీ చేయలేదు అన్న అర్థమే తోస్తుంది. మీ మేనేజరు చదివినది వాక్యంలో ఉన్నదే.

నేనే చెప్పాను అనడానికి “ఐ టోల్డ్ హిమ్ మైసెల్ఫ్” అనవచ్చు. వేరెవరో కాదు, చెప్పింది నేనే అని నొక్కి చెప్పాలంటే “ఐ వజ్ ద వన్ హూ టోల్డ్ హిమ్” అనాలి. ఆయనకే చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు అంటే అక్కడ హద్దు ఉంది కనుక ‘ఓన్లీ’ నిస్సంకోచంగా వాడవచ్చు: “ఐ టోల్డ్ ఓన్లీ హిమ్”. నిన్ననే చెప్పాను అన్నది మరీ చిత్రం. ఎక్కువ కాలం కాలేదనే అర్థమైతే “ఐ టోల్డ్ హిమ్ ఓన్లీ యెస్టర్‌డే” సరిపోతుంది. ఆలస్యం చేయలేదు, అప్పుడే చెప్పేశాను అన్న అర్థమైతే “ఐ హావ్ ఆల్రెడీ టోల్డ్ హిమ్” అనాలి. మన ‘ఏ’ ఒక్కటే, దాని వెనుక ఉద్దేశాలు అనేకం. ముందు ఆ ఉద్దేశమేమిటో తేల్చుకుంటేనే ఇంగ్లీషు మాట దొరుకుతుంది.

ప్రశ్న: ‘డు ద నీడ్‌ఫుల్’, ‘రివర్ట్’, ‘ఐ హావ్ ఎ డౌట్’, ‘ప్రీపోన్’ వంటివి తప్పు ఇంగ్లీషని మా శిక్షణ తరగతిలో చెప్పారు. మనదేశంలో అందరూ వాడుతున్నవి ఎలా తప్పవుతాయి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: వాటిని ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ‘ప్రీపోన్’ మన దేశంలో ప్రాచుర్యం పొంది, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో చోటు సంపాదించుకున్న మాట. దాని అర్థం పోల్చుకోవడం కష్టం కాకపోయినా, విదేశీ క్లయింటుకు కొత్తగా అనిపించవచ్చు కనుక “మూవ్ ద మీటింగ్ టు 10 ఎ.ఎమ్.” అని సమయంతో సహా రాయడం మేలు. ‘రివర్ట్’కు బ్రిటన్, అమెరికాల్లో ప్రధానార్థం మునుపటి స్థితికి తిరిగి వెళ్లడం. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న మీకు ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే ప్రోగ్రాములో చేసిన మార్పును వెనక్కి తీయడాన్ని కూడా ‘రివర్ట్’ అనే అంటారు. “ప్లీజ్ రివర్ట్” అన్న రెండు మాటల మెయిల్ చూసి అవతలివారు జవాబివ్వాలో, మార్పులు తీసేయాలో తెలియక ఆగిపోతారు. ‘రిప్లై’ అనండి.

‘డౌట్’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మనం సందేహం అడగడం వినయానికి గుర్తు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ‘డౌట్’ అంటే అపనమ్మకం. “ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఎస్టిమేట్” అంటే మీ అంచనా సరైనదని నేను నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘క్వశ్చన్’ అంటే ఏ గొడవా ఉండదు. ఇక ‘డు ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు బ్రిటన్‌లోనూ మామూలుగా వాడినదే. నా అభ్యంతరం అది పాతబడిందని కాదు, కావలసిన పని ఏమిటో అందులో లేదని. ఫలానా ఫైలు చూసి, ఫలానా తేదీలోగా ఆమోదం తెలపండి అని రాస్తే ఆ మాటే అక్కరలేదు. ఇంగ్లీషు దేశాల మధ్య కూడా ఇలాంటి తేడాలు లేకపోలేదు. సభలో ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను వాయిదా వేయడం. అందువల్ల ఇది తప్పొప్పుల సమస్య కన్నా ఎవరు చదువుతారన్న సమస్య. హైదరాబాద్ నుంచి చెన్నైకి రాసే మెయిల్‌లో ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ నిక్షేపంగా రాయండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను. మనవలతో ఇంగ్లీషులో ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలని కోరిక. ఈ వయసులో ఎన్ని మాటలు నేర్చుకోవాలి?
— ఒక విశ్రాంత ఉద్యోగి, తణుకు

సమాధానం: మీరు అనుకుంటున్నన్ని అక్కరలేదు. అవిభక్త బెంగాల్‌లో చాలాకాలం విద్యారంగంలో పనిచేసిన మైఖేల్ వెస్ట్, అత్యంత ఉపయోగకరమైన సుమారు 2000 మాటల పట్టికను 1953లో ప్రచురించారు. విద్యార్థుల కోసం 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు తన అర్థవివరణలన్నింటినీ దాదాపు అన్నే మాటలతో రాసింది. వేల వేల మాటల అర్థాలను రెండు వేల మాటలతో చెప్పగలిగినప్పుడు, మనవలకు ఊరి కబుర్లు రాయడానికి అవి ధారాళంగా సరిపోతాయి. వాటిలో చాలా మాటలు మీకు ఇప్పటికే తెలిసి ఉంటాయి.

కొత్త మాటల వెంట పడకుండా, తెలిసిన చిన్న క్రియలు వేటితో జత కడతాయో చూసుకోండి. మనకు అన్నింటికీ ‘చేయడం’ ఒక్కటే ఉంది. ఇంగ్లీషులో హోంవర్కు ‘డు’, పొరపాటు ‘మేక్’, వంటపనికి ‘డు ద కుకింగ్’, కాఫీ కలపడానికి ‘మేక్ కాఫీ’. మనం పరీక్ష రాస్తాం. అమెరికాలో ఉన్న మనవడు ‘టేక్’ అంటాడు, లండన్‌లో ఉన్న మనవరాలు ‘సిట్’ అని కూడా అనవచ్చు. వారి ఉత్తరాల్లో ఇలాంటి జంటలు కనిపించినప్పుడల్లా వాక్యం వాక్యంగా రాసుకుని, మీ తర్వాతి ఉత్తరంలో వాటినే తిరిగి వాడండి.